మూడు మెరకలకు ఒకే రేవు

ఆషాఢం, అమావాస్య మర్నాడు

వంతు చీటీ నా పేరున పడింది. అప్పటికి నేను పంచాయతీ పాకలో వెనక వరసలో కూర్చుని, పీతల బుట్టకు పడ్డ చిరుగు కుట్టుకుంటున్నాను. "కడలి అమ్మాజీ గారు, పెదమెరక. రాబోయే ఆరు నెలలకు మూడు మెరకల వంతుదారు మీరే. అభినందనలు" అని గుమస్తా పలకగానే జనమంతా నా వైపు తిరిగారు. సూది వేలికి గుచ్చుకుంది.

గుమస్తా అంటే పాక గోడకు బిగించిన పెట్టె, ఒక్కో మెరకకు ఒకటి. దానికి గొంతు ఉంది, లెక్కలు వచ్చు, లంకల పాలన చూసే ఎగువ కేంద్రంతో మాట్లాడే దారి ఉంది. వేలిముద్ర మాత్రం లేదు. అందుకే ఒక మనిషి కావాలి. నీళ్ల మధ్య మిగిలిన ఎత్తు నేలలే మా మెరకలు. సర్పంచి ఎన్నిక పెట్టుకునేంత జనం మిగలని ఊళ్లన్నిటికీ ఇదే పద్ధతి. చీటీలో ఎవరి పేరు వస్తే ఆరు నెలలు ఊరి మంచిచెడ్డలు వాళ్లవే. మంచం పట్టి ఉంటే తప్ప కాదనడానికి వీల్లేదు.

ఇంటికి వెళ్లే దారంతా మా ఆయన నూకరాజు నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమే, ఇక నిన్నేమని పిలవాలి? వంతుదారు గారూ అనాలా?"

"ముందు పీతలకి మేత ఎవరేత్తారో అది చెప్పు."

"నేనేత్తాలే. నువ్వు ఊరు చూసుకో."

వంతుదారు చిట్టా రాయాలని నియమం. తర్వాత వచ్చేవాళ్లు చదువుకోవాలట. రోజూ రాసే తీరిక నాకు లేదు. రాయవలసింది ఉన్నప్పుడు రాస్తాను.

ఆషాఢం, ఏకాదశి

పొద్దున్నే, ఉప్పునీళ్లను తాగే నీళ్లు చేసే తీపినీళ్ల యంత్రం దగ్గరికి వెళ్లి, దానికి కరెంటు ఇచ్చే ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. రెండు రోజులు తుడవకపోతే యంత్రం మూలుగుతుంది, మూడో రోజు నీళ్లు చప్పగా కాక ఉప్పగా వస్తాయి. ఆ తర్వాత బడి. పాఠం చెప్పే మాస్టారు ఎగువ నుంచి గోడ మీద కనబడతారు గాని, పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఇక్కడ ఎవరో ఒకరు ఉండాలి. మధ్యాహ్నం నడిమెరకలో రెండిళ్ల మధ్య మురుగునీళ్ల తగువు. ఇద్దరూ నన్నే తిట్టారు, కాబట్టి రాజీ కుదిరినట్టే.

సాయంత్రం గుమస్తా పిలిచింది.

"వంతుదారు గారికి నమస్కారం. ఎగువ కేంద్రం నుంచి సమాచారం. భాద్రపదం నుంచి వైద్య పడవ మూడు మెరకలకూ కలిపి ఒకే రేవులో ఆగుతుంది. ఏ రేవో మీరు నిర్ణయించాలి. మూడు మెరకల సభలూ విడివిడిగా ఒప్పుకోవాలి. శ్రావణ పౌర్ణమిలోగా ఒప్పుదల అందకపోతే పడవను వేరే లంకలకు కేటాయిస్తారు."

"ఎందుకు? ఇప్పుడు మూడు చోట్లా ఆగుతోంది కదా?"

"పడవలు తగ్గాయి. లంకలు తగ్గలేదు."

వారానికోసారి పోటు మీద వచ్చే ఆ పడవే మాకు ఆసుపత్రి. నడిపేవాడు ఉండడు, దారి దానికే తెలుసు. లోపల సిస్టర్ సువార్తమ్మ గారు ఉంటారు. సుగరుకు మందులు, పిల్లలకు సూదులు, పుండ్లకు కట్లు, పళ్లు పీకడం, అన్నీ ఆవిడే. పెద్ద జబ్బయితే అదే పడవలో ఎగువకు తీసుకుపోతారు.

"నీ లెక్క ప్రకారం ఏ రేవు?" అని అడిగాను.

"పెదమెరకలో జనం ఎక్కువ. కట్టిన రేవు ఉంది. నా సిఫారసు పెదమెరక. నిర్ణయం మాత్రం మీదే."

ఆషాఢం, పౌర్ణమి వెళ్లాక

కొసమెరకకు వెళ్లాను. మూడింటిలో సముద్రానికి దగ్గరది అదే. పెదమెరకకూ నడిమెరకకూ మధ్య చెక్కల వంతెన ఉంది. కొసమెరకకు మాత్రం పెద్దపాయ దాటాలి, దానికి పంచాయతీ మోటారు పడవ కావాలి. వాళ్లవన్నీ చిన్న దోనెలు. పెద్దపాయలో నీటి ఊపుకు దోనె ఆగదు. అయితే ఆటుకు నీళ్లు తీసినప్పుడు కొసమెరక నుంచి నడిమెరకకు ఇసుకమేట తేలుతుంది. మోకాటి లోతు నీళ్లలో నడిచి రావచ్చు.

అక్కడి పెద్ద వరహాలు అన్నయ్య. చుట్టరికం లేదు గాని సొంత అన్న లేని లోటు నాకెప్పుడూ తెలియనివ్వలేదు. పీతల పెంపకం నాకు నేర్పింది ఆయనే. నేను వెళ్లేసరికి మడ మొక్కలు నాటడానికి గోతులు తీస్తున్నాడు. ఆయన భార్య పుణ్యవతి వదిన అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. వేసవిలో పాదానికి ఆల్చిప్ప కోసుకుంది. ఆవిడకు సుగరు. పుండు మానకుండా ఉంది. సువార్తమ్మ గారు వారం వారం కడిగి కట్టు కడుతున్నారు.

"రా అమ్మాజీ. వంతుదారువి అయ్యాక చిక్కిపోయావే" అంది వదిన.

సంగతి చెప్పాను. వరహాలు అన్నయ్య గునపం పక్కన పెట్టి చేతుల మట్టి దులుపుకున్నాడు.

"నడిమెరకలో పెట్టు రేవు" అన్నాడు. "మేం ఆటుకి నడిచొచ్చేత్తాం. మీరు వంతెన దాటి వత్తారు. అందరికీ కాత్త కష్టమే. ఒక్కళ్లకే పూర్తి కష్టం కాదు."

"అక్కడ రేవు లేదు అన్నయ్యా. అంతా బురద. కట్టాలంటే నెలంతా పట్టుద్ది."

"తాటి మొద్దులు మేం మోసుకొత్తాం. మావాళ్లు పది మంది వత్తారు. నువ్వు ఊఁ అను."

ఆ మాట నాకు నచ్చింది. సభలో చెబుతానని వచ్చాను.

శ్రావణం, దశమి

పెదమెరక సభ. నడిమెరక సంగతి ఎత్తగానే కోదండం గారు లేచారు. ఆయన పాత రోజుల్లో వార్డు మెంబరు, ఇప్పటికీ ఆ ధీమా పోలేదు.

"కట్టిన రేవు వదిలేసి బురదలోకి పొమ్మంటావా అమ్మాజీ? మా అమ్మకి ఎనభై దాటాయి. వంతెన మీద నడిపించాలా? జారి పడితే నీ పూచీయా?"

"కొసమెరక వాళ్లు నీళ్లలో నడిచి వత్తామంటున్నారండి."

"వాళ్లకి అలవాటు."

ఆ మాటకు వెనక ఎవరో నవ్వారు. ఎవరికీ దురుద్దేశం లేదు. మందుల పడవ దగ్గరలో ఆగాలనే అందరి ఆశ. చేతులెత్తమంటే నడిమెరకకు నేనూ, మరో ఇద్దరూ ఎత్తాం. మా ఆయన కూడా ఎత్తలేదు.

"గడువు దగ్గర పడింది, తేల్చకపోతే మొత్తానికే పడవ పోద్ది. నలుగురు ఏమంటే అదే చెయ్యి" అన్నాడు ఇంటికి వచ్చాక.

నడిమెరక వాళ్లకు వంతెన ఉంది కాబట్టి పెదమెరక అయినా సరేనన్నారు. మిగిలింది కొసమెరక. మేట మీద నడిచి, మళ్లీ వంతెన దాటి పెదమెరక దాకా రావడం అక్కడి జబ్బు మనుషులకు చాలా కష్టం. వాళ్లు ఒప్పుకోకపోతే ఎవరికీ పడవ లేదు.

శ్రావణం, పౌర్ణమి ముందురోజు

కొసమెరక సభ వరహాలు అన్నయ్య వాకిట్లో జరిగింది. ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు చాలామంది ఎగువన పనుల్లో ఉన్నారు. నేను లేచి నిలబడి చెప్పాను. ఆ మాటలు నాకు పూర్తిగా గుర్తున్నాయి గనక అలాగే రాస్తున్నాను.

"మీ దగ్గరికి పడవ రాదు. కాని మా పడవ వత్తాది. ప్రతి వారం, పోటుకి ముందే పంచాయతీ మోటారు పడవ మీ రేవులో ఉంటాది. పెదమెరకలో ఇంటికొకరు వంతులేసుకుని నడుపుతారు. ఎవరూ రాకపోతే నేనొత్తాను. నా మాట."

ఒకావిడ, "మరి గాలి రోజునో?" అంది. "గాలి రోజున కూడా చూత్తాం" అన్నాను. చూస్తామన్నానా, వస్తామన్నానా అని ఆవిడ రెట్టించలేదు.

వరహాలు అన్నయ్య నా ముఖంలోకి చూశాడు. "అమ్మాజీ మాటంటే మాటే" అని ముందుగా తనే చెయ్యెత్తాడు. తర్వాత పుణ్యవతి వదిన. తర్వాత అందరూ.

తిరిగి వచ్చి గుమస్తా పలక మీద వేలు పెట్టాను. "పెదమెరక రేవు నిర్ణయమైంది. ధన్యవాదాలు" అంది. ఆ వాకిట్లో ఎత్తిన చేతులన్నీ ఒక్క వేలిముద్రలోకి వచ్చేశాయి. మనసు తేలికపడింది. మూడు మెరకలకూ పడవ నిలబెట్టానని అనుకున్నాను.

భాద్రపదం, చవితి వెళ్లాక

మొదటి పడవ రోజు పండగలా గడిచింది. కొసమెరక వాళ్లు మోటారు పడవలో పాటలు పాడుకుంటూ వచ్చారు. కోదండం గారి కొడుకే నడిపాడు. కోదండం గారు స్వయంగా రేవులో నిలబడి, పుణ్యవతి వదినకు చెయ్యి అందించారు. మా ఇంట్లో అందరికీ పీతల పులుసు.

సువార్తమ్మ గారు వదిన కట్టు విప్పి చూసి, "కండ పడుతోందమ్మా. ఇంకో రెండు నెలలు వారం తప్పకుండా కడిగితే మానిపోద్ది. తప్పితే మాత్రం నేను చెప్పలేను" అన్నారు.

"తప్పదండి" అన్నాను నేను.

భాద్రపదం, అమావాస్య

వంతులు కుంటుతున్నాయి. ఒకరికి నడుం నొప్పి. ఒకరు ఎగువకు పెళ్లికి వెళ్లారు. ఒకాయన, "మా ఇంట్లో ఎవరూ కొసమెరక పోరు కదమ్మా, మేమెందుకు?" అన్నాడు. ఇవాళ వంతు ఉన్నవాడు తెల్లవారేసరికి చేపల వేటకు పోయాడు. సంగతి తెలిసి నేను పరుగెత్తుకుంటూ వెళ్లి పడవ తీశాను. కొసమెరక చేరేసరికి అందరూ రేవులో కూర్చుని ఉన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

గుమస్తాను అడిగాను, వంతు తప్పినవాళ్ల మీద ఏదైనా చర్య ఉందా అని.

"మోటారు పడవ ఏర్పాటు గ్రామస్థుల మధ్య మాట. సేవల పట్టికలో లేదు. పట్టికలో లేనిదాన్ని నేను అడగలేను" అంది.

"పట్టికలో చేర్చు మరి."

"చేర్చాలంటే పెదమెరక సభ ఒప్పుకోవాలి."

సభ పెట్టాను. జనం నిండుగా రాలేదు. వాయిదా పడింది.

ఆశ్వయుజం, సప్తమి

ఇప్పుడు ప్రతి వారం నేనే నడుపుతున్నాను. ఊరి పనులు, యంత్రం, బడి, పడవ. ఇంట్లో వంట నూకరాజు చేస్తున్నాడు, సణుగుతూనే. పుణ్యవతి వదిన పడవలో నా పక్కనే కూర్చుని కబుర్లు చెబుతుంది. ఒకప్పుడు కొసమెరకలో కొబ్బరికాయలు రాలే చప్పుడుకు నిద్ర పట్టేది కాదట. ఉప్పునీటికి చెట్లు చచ్చాక ఆ నిశ్శబ్దానికి అలవాటు పడడానికి ఏడాది పట్టిందట.

"నీ వంతు అయిపోయాక ఎవరు నడుపుతారే?" అంది ఇవాళ.

"అప్పటికి నీ కాలు మానిపోద్ది వదినా."

"నా కాలు సరే."

నేను మోటారు వేగం పెంచాను.

ఆశ్వయుజం, పౌర్ణమి

ఇవాళ కొసమెరక వెళ్లలేకపోయాను. పీతలు పెంకు విడిచే రోజులు. పెంకు విడిచిన పీతను వెంటనే పైకి తీయకపోతే మిగతావి తినేస్తాయి, లేదా కొత్త పెంకు గట్టిపడి కొనేవాడు ఉండడు. బుట్టల్లోని పీతలన్నీ ఒక్కసారే మొదలుపెట్టాయి. ఎగువ నుంచి కొనే పడవ కూడా ఇవాళే వచ్చింది. మాకు ఏడాది తిండి ఇదే. ఈ నాలుగు బుట్టలు అయ్యాక వెళదాం, ఇంకో రెండు అయ్యాక వెళదాం అనుకుంటూనే ఉన్నాను. తలెత్తి చూసేసరికి పోటు తిరిగింది, వైద్య పడవ కూత వేసి వెళ్లిపోయింది.

వచ్చే వారం ముందుగా వెళతాను.

ఆశ్వయుజం, బహుళ అష్టమి

గాలి. తాటి ఆకులు ఎగిరిపోతున్నాయి. వైద్య పడవే రాలేదు. ఎగువ నుంచి రద్దు అని గుమస్తా చెప్పింది. ఇది నా చేతిలో ఉన్నది కాదు. అయినా పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆశ్వయుజం, గాలి తగ్గిన రోజు

వెళ్లాను. వాకిట్లోకి అడుగు పెట్టగానే వాసన తెలిసింది. పుణ్యవతి వదిన నులక మంచం మీద ఉంది, ఒళ్లు కాలిపోతోంది. పాదం నల్లబడి, నలుపు చీలమండ దాటి పైకి పాకింది. వరహాలు అన్నయ్య ఉప్పు వేసి కాచిన నీళ్లతో కడుగుతున్నాడు. నన్ను చూసి లేచి జరిగాడు, నేను కూర్చోవడానికి చోటు ఇస్తూ.

"కబురు పెట్టలేదేం అన్నయ్యా?"

"పెట్టాలనే చూశాం అమ్మా. గాలికి ఇక్కడి పెట్టె పలకడం లేదు."

మంచంతో సహా ఎత్తి మోటారు పడవలో పెట్టాం. పెదమెరక పాక నుంచి గుమస్తాను బతిమాలాను. పడవ రోజు కాదంది. ప్రాణాపాయం అన్నాను. "ప్రాణాపాయం నమోదైంది" అని, ఎగువ నుంచి అత్యవసర పడవను పంపింది. అది వచ్చేదాకా రేవులో ఊరంతా నిలబడింది. కోదండం గారి తల్లి కర్ర ఊతంతో వచ్చి వదిన నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆవిడ నడవలేదన్నారు సభలో. ఎవరి వైపూ చూడలేక నేను నీళ్ల వైపు తిరిగాను.

కార్తీకం, విదియ

ఎగువ నుంచి కబురు. ప్రాణం దక్కింది. కాలు మోకాటి కింద తీసేశారు.

అదే రోజు గుమస్తా నెల నివేదిక చదివింది. పెదమెరక రేవులో సేవలు అందుకున్నవారి సంఖ్య పెరిగిందట. ఫిర్యాదులు లేవట. ఒకే రేవు ఏర్పాటు విజయవంతమైందని ఎగువ కేంద్రం మెచ్చుకుందట.

"కొసమెరక నుంచి ఫిర్యాదు లేదా?" అన్నాను.

"లేదు."

వాళ్లు పెట్టలేదు. పెడితే నా మీద పెట్టాలి.

"అయితే నేను పెడుతున్నాను. రాసుకో. రేవు నడిమెరకకు మార్చాలి. వంతుదారు తప్పు నిర్ణయం చేసింది."

"నిర్ణయాన్ని మార్చే ప్రతిపాదన మూడు సభలకూ వెళుతుంది" అంది గుమస్తా. దాని గొంతులో మెచ్చుకోలూ లేదు, నిందా లేదు.

ఈసారి పెదమెరక సభకు జనం నిండుగా వచ్చారు. కోదండం గారు లేచి, "నడిమెరకలోనే పెట్టండి. మొద్దులు మేం కూడా మోత్తాం" అన్నారు. అన్ని చేతులూ లేచాయి. మా ఆయనది అందరికంటే ముందు.

కార్తీకం, పౌర్ణమి

నడిమెరక సభ కూడా ఒప్పుకున్నాక, ఆ ఒప్పుదలలు పట్టుకుని కొసమెరక వెళ్లాను. ఆలస్యమైంది. ఇళ్ల ముందు మూటలున్నాయి. కప్పుల మీది ఎండ పలకలు కూడా విప్పుతున్నారు.

వరహాలు అన్నయ్య నాకు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ వదిన ఒంటికాలితో ఈ మెరక మీద ఏటి చేత్తాది అమ్మాజీ? నేను ఎగువకే పోతన్నాను. నేను పోతానంటే మిగతావాళ్లూ బయలుదేరారు. నేను రమ్మనలేదు."

"రేవు నడిమెరకకి మార్చాం అన్నయ్యా. అందరూ ఒప్పుకున్నారు. కోదండం గారు కూడా."

"మంచి పని."

"ఆగండి మరి. నేను బతిమాలుతున్నాను."

ఆయన మడ మొక్కల వైపు చూశాడు. ఈ వానాకాలం నాటినవి జానెడెత్తు లేచాయి.

"రేవు గురించి కాదమ్మా. ఇన్నేళ్లూ సముద్రం మీదకొచ్చినా ఈడ ఉన్నది, అవతల మీరున్నారన్న ధైర్యంతో. ఏదన్నా అయితే పిలిత్తే పలుకుతారని. మొన్న ఆ ధైర్యం పోయింది. అది మళ్లీ రావాలంటే నాకు వయసు చాలదు."

నా మీద కోపం ఉందా అని అడగాలనిపించింది. అడగలేదు. మూటలు మోయడానికి లేచాను. ఆ రోజంతా వాళ్ల సామాను మోటారు పడవలో నేనే దాటించాను, పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి. నూకరాజు వచ్చాడు. వంతు తప్పినవాళ్లూ వచ్చారు. అన్ని వారాల్లోనూ దొరకని చేతులు ఇవాళ దొరికాయి.

సభకు పెట్టడానికి కొసమెరకలో మనుషులు లేరు కాబట్టి రేవు మార్పు ప్రతిపాదనను గుమస్తా రద్దు చేసింది. "కొసమెరక గ్రామస్థులు స్వచ్ఛందంగా తరలివెళ్లారు" అని నమోదు చేసి వేలిముద్ర అడిగింది. 'స్వచ్ఛందంగా' అనే మాట తీసెయ్యమన్నాను. వేరే మాట తన దగ్గర లేదంది. వేలు పెట్టకుండా వచ్చేశాను. ఆ నమోదు ఇంకా అలాగే ఉంది. తర్వాతి వంతుదారు ఏం చేస్తారో వాళ్ల ఇష్టం.

మార్గశిరం, బహుళ చతుర్దశి

నా వంతు రేపటితో అయిపోతుంది. ఇవాళ ఎగువకు వెళ్లాను. లంకల నుంచి వచ్చినవాళ్లకు అక్కడ వరసగా రేకుల ఇళ్లు కట్టారు. పుణ్యవతి వదిన గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. వరహాలు అన్నయ్య పనికి పోయాడు.

వెళ్లగానే తిడుతుందనుకున్నాను. తిట్లు పడడానికి మనసును సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది, చిక్కుళ్లు సగం నా ఒళ్లో పోసింది. పీతలు ఎలా ఉన్నాయంది. నూకరాజు సణుగుడు తగ్గిందా అంది. సువార్తమ్మ గారు ఇటు వచ్చినప్పుడల్లా చూసి పోతున్నారంది. కట్టెకాలు కొలత తీసుకున్నారట, సంక్రమణం నాటికి ఇస్తారట.

నేనే ఉండబట్టలేక అన్నాను. "వదినా, ఆ రోజు నేను రాలేదు. పీతలు చూసుకుంటూ ఉండిపోయాను. గాలి వల్ల కాదు, దేని వల్లా కాదు. నేనే రాలేదు."

ఆవిడ చేతిలో కాయ ఒలిచి, గింజలు పళ్లెంలో వేసి, తర్వాత మాట్లాడింది.

"నువ్వు రాలేదని నాకు కోపం లేదే. పనుంటే రాలేవు, మనిషివి. ఆ రోజు తెల్లారకముందే మావోళ్లు మంచం తెచ్చారు, నన్ను మోసుకుని మేట మీదుగా నడిమెరక ఎల్లిపోదామని. అప్పటికి ఆటు ఉంది, మోకాలి లోతే. అక్కడ్నించి వంతెన దాటి మీ రేవుకి అందుకునేవాళ్లం. నేనే వద్దన్నాను. అమ్మాజీ వత్తానంది, వత్తాది, మనం లేకపోతే అంతదూరం వచ్చి ఎనక్కి పోవాల్సొత్తాది అన్నాను. అలాగ కూర్చున్నాం రేవులో. కూర్చుని ఉండగానే మేట మునిగిపోయింది."

నేను ఒలవడం ఆపేశాను.

"రాలేనని ఒక్క మాట సెప్పుంటే చాలు" అంది. "పోటు తిరిగేదాకా నీ దారే చూశాం."

ఏడ్చాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు, ఏడవొద్దనీ అనలేదు. చిక్కుళ్లు ఒలవడం కూడా ఆపలేదు. కాసేపటికి నా ఒళ్లోవి కూడా తీసుకుని తనే ఒలిచేసింది. పొయ్యి అంటించమంది. ఇద్దరం కలిసి కూర వండాం. ఉప్పు నేను వేశాను, ఎక్కువైంది. ఎగువ నీళ్లకు ఉప్పు ఎక్కువే పట్టుద్దిలే అంది.

పడవ వేళ అయింది. లేచాను. గుమ్మం దాకా గోడ పట్టుకుని గెంతుతూ వచ్చింది. వద్దంటే వినలేదు.

"మళ్లీ ఎప్పుడొత్తావు?"

వచ్చే వారం అనే మాట నోటి దాకా వచ్చింది. ఎప్పుడూ అలాగే వచ్చేది, ఎవరు అడిగినా, దేనికి అడిగినా. పెదవి దాటకుండా పట్టుకున్నాను.

"తెలీదు వదినా. చెప్పలేను. వత్తే వత్తాను. నా కోసం కూర్చోకు."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో రాయడం నాకు చేతకాదు.

"సరే. ఎల్లిరా" అని, తిరిగి గోడ పట్టుకుంది.